మరకల మాస్టారి చేపల తొట్టి

కళ్ళద్దాల షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే మనిషాయన. తిరిగే రాయి మీద గాజు అంచును ఫ్రేముకు సరిపడా అరగదీయడం, ట్యూబులైటు కింద ఎత్తి పట్టి ఒక కన్ను మూసి చూడడం, మెత్తటి గుడ్డతో తుడవడం, మళ్ళీ ఎత్తి పట్టడం, పెళ్ళికి ముందు నుంచీ ఇదే పని. ఆ చూపు షాపుతో ఆగలేదు. ఇంట్లో మంచినీళ్ళిచ్చినా సరే, గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసుకుని గానీ తాగడు. కిటికీ అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే ఎవరిదో తేలేదాకా అన్నం సయించదు. షాపులో వాళ్ళు ఆయనకు మరకల మాస్టారని పేరు పెట్టారు. వెక్కిరింతని తెలియక ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

అలాంటి మనిషికి హాల్లో చేపల తొట్టి పెట్టుకోవాలని బుద్ధి పుట్టింది. పుడితే పుట్టింది, నాలుగు ప్లాస్టిక్ మొక్కలు గుచ్చి ఊరుకోవచ్చు కదా! ఊరుకోడు. నిజం మొక్కలే కావాలి. అడుగున నల్లటి ఇసుక, ముందువైపు గడ్డిలా పరుచుకునే పొట్టి మొక్కలు, వెనక రిబ్బన్లలా ఊగే పొడుగాకులు, ఒక మూల ఎర్రకాడల గుబురు. వాటి మధ్య నీలం చార మెరిసే సన్నటి చేపలు. కొత్తలో చూడ్డానికి నిజంగానే ముచ్చటగా ఉండేది, ఆ మాట ఒప్పుకోవాలి. తర్వాత నాచు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆయన భార్యకు చూపు తగ్గడం మొదలైంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఆ ఇంట్లో తెలుసుకోవలసిన మనిషికి చిట్టచివర తెలిసింది.

ఆవిడ చెప్పలేదా అంటే, చెప్పింది. ఒక ఆదివారం పొద్దున ఆయన పేపరు చదువుకుంటుంటే పక్కన నిలబడి నెమ్మదిగా అంది.

"ఏమండీ, ఈ కళ్ళజోడు పెట్టుకున్నా పక్కలవి కనిపించడం లేదండీ. తలుపులకు గుద్దుకుంటున్నాను."

"ఆ అద్దాలు ఎవరు అరగదీశారో తెలుసా నీకు?"

"మీరే."

"మరి? ఇన్నేళ్ళలో నా అద్దం ఒక్కటి వెనక్కి రాలేదు. ఇటివ్వు."

ఆవిడ ముఖం మీది కళ్ళజోడు ఆయనే తీసుకున్నాడు. వెలుతురుకు ఎత్తాడు. నోటితో ఆవిరి ఊది, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ ఆవిడ ముక్కు మీద పెట్టాడు.

"నూనె చేతులతో పట్టుకుంటే ఏం కనిపిస్తుంది? ఇప్పుడెలా ఉంది?"

ఆవిడ కాసేపు ఆయన వైపే చూసింది. "బాగానే ఉందండీ," అంది.

అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా ఆయన అద్దాల పరువు గురించే మాట్లాడతాడని ఆవిడకు తెలుసు. ఆవిడ బట్టల షాపుకు కాజాలు కుట్టిచ్చేది, సూదిలో దారం ఎక్కక ఆ పని మానేసింది. ఎందుకు మానేశావని ఆయన అడగనైనా లేదు. వయసు మీద పడి ఒళ్ళు బరువెక్కిందనుకున్నాడు. కూరలో ఉప్పు రెండుసార్లు పడితే ఒంటికాలి మీద లేచాడు. గుమ్మానికి కొట్టుకుని ఆవిడ నుదురు బొప్పి కడితే, చూసుకుని నడవమన్నాడు. ఎంత తేలిగ్గా అనేశాడో!

ఇంతకీ ఆయన బుర్ర నిండా నాచే. ముందు గాజు మీద పచ్చటి పొడిలా కనిపించింది. బ్లేడుతో గీకేశాడు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఆకుల అంచుల మీద నల్లటి నూగు మొలిచింది, ఎర్రకాడలకు జుట్టులా వేలాడింది. ఆకులు కత్తిరించాడు, నీళ్ళు మార్చాడు, నత్తలు తెచ్చి వదిలాడు. నత్తలు పిల్లల్ని పెట్టాయి గానీ నాచు తగ్గలేదు. చేపల షాపతని దగ్గరికి వెళ్ళి, నువ్వు అంటగట్టిన మొక్కలతోనే వచ్చిందని దుమ్మెత్తి పోశాడు.

అతను ఓపిగ్గా విన్నాడు. "మాస్టారూ, ఎక్కడైనా ఒకటే సంగతి. వెలుతురు ఎక్కువవ్వాలి, లేదా మేత ఎక్కువవ్వాలి. మొక్కలు వాడుకోగా మిగిలిందంతా నాచుకే పోతుంది."

"మా ఇంట్లో ఎక్కువనే మాటే లేదు. లైటు సాయంత్రం నేనొచ్చాకే వేస్తాను, పడుకునే ముందు తీసేస్తాను. మేత పొద్దున నేనొక చిటికెడు, మధ్యాహ్నం మా ఆవిడ ఒక చిటికెడు."

"పగలు ఎవరైనా లైటేస్తున్నారేమో, ఇంట్లో ఒకసారి అడిగి చూడండి."

"మా ఇంట్లో నన్ను కాదని స్విచ్ వేసేవాళ్ళెవరూ లేరు," అన్నాడు మాస్టారు. ఇంటికెళ్ళి అడగనూ లేదు.

అడిగి ఉంటే తెలిసేది. ఆయన గడప దాటగానే ఆవిడ గోడ పట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్ళి లైటు వేసేది. వెనక మేడ అడ్డమొచ్చి ఆ హాలు పగలు కూడా గుడ్డిగానే ఉంటుంది. అందులో ఆవిడకు తేటగా కనిపించేది ఆ తొట్టి ఒక్కటే. చిన్న ముక్కాలిపీట వేసుకుని, గాజుకు ముఖం దగ్గరగా పెట్టి కూర్చునేది. చేపలు ఒక్కొక్కటీ ఆవిడకు మిగిలిన చూపులోకి వచ్చి పోతుండేవి. ఆయన వచ్చే వేళకు లైటు తీసేసేది. మధ్యాహ్నం మేత వేస్తే పొట్టులాంటి ఆ పలుకులు నీళ్ళ మీద పడ్డాయో లేదో కనిపించేది కాదు. పాపం ఆకలితో ఉన్నాయేమోనని ఇంకో చిటికెడు, కాసేపాగి మరో చిటికెడు వేసేది. తినగా మిగిలింది ఇసుకలోకి దిగి కుళ్ళేది. ఆ వెలుతురు, ఆ మేత తిని నాచు పెరిగింది. మాస్టారు దాన్ని గీకుతూనే ఉన్నాడు.

చివరికి చేపల షాపతను ఆఖరి ఉపాయం చెప్పాడు. తొట్టిని నల్లగుడ్డతో పూర్తిగా కప్పేసి, నాలుగు రోజులు వెలుతురు తగలనీయకూడదు, మేత వేయకూడదు. మొక్కలు తట్టుకుంటాయి, చేపలకు ఏమీ కాదు, నాచు మాత్రం చస్తుంది. మాస్టారికి ఈ మాట భలే నచ్చింది. ఆ సాయంత్రమే మందపాటి నల్లగుడ్డ తెచ్చి, తొట్టి చుట్టూ చుట్టి, సందు లేకుండా అంచులకు టేపు అంటించాడు. లైటు వైరు కూడా పీకేశాడు.

"నాలుగు రోజులూ పూర్తిగా మూసేస్తారా?" అంది ఆవిడ.

"మూసేస్తేనే చచ్చేది ఆ దరిద్రం."

"పగలు కాసేపైనా తీయకూడదా అండీ?"

"నీకేం పని దాంతో?"

ఏం పనో చెప్పాలంటే చాలా చెప్పాలి, ఆయన టేపు ముక్కలు తెంపుకుంటున్నాడు.

మూడో రోజు ఆవిడ చెల్లెలు చూసిపోదామని వచ్చింది. పిలిస్తే అక్క లోపల్నుంచి పలికింది గానీ లేచి రాలేదు. తలుపు తోసుకుని వెళ్ళి చూస్తే, ఆ చీకటి హాల్లో అక్క ముక్కాలిపీట మీద కూర్చుని నల్లగుడ్డ వైపు చూస్తోంది. అక్క టీ పెడతానని లేచి వంటింట్లోకి వెళ్ళింది, కప్పు తెచ్చి బల్ల అంచుకు అవతల గాల్లో పెట్టింది. కప్పు పగిలిన చప్పుడుకు చెల్లెలికి అంతా అర్థమైంది. ముక్కలు ఏరనివ్వకుండా, చెప్పులు తనే తొడిగి, అక్కను కళ్ళాసుపత్రికి తీసుకుపోయింది. అక్కణ్ణుంచి బావకు ఫోను చేసింది.

మాస్టారు రాయి ఆపి, చేతులు తుడుచుకుని వెళ్ళాడు. డాక్టరమ్మ చాలాసేపు పరీక్షలు చేసి చెప్పింది. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింది, నీటికాసులంటారు. పక్కల చూపంతా పోయింది, మధ్యలో కొంచెం మిగిలింది. చుక్కల మందుతో ఆ మిగిలింది నిలబెట్టుకోవాలి.

"మరి పోయిన చూపు?" అన్నాడు మాస్టారు.

"పోయింది తిరిగిరాదండీ. మొదట్లో వచ్చుంటే బాగుండేది. ఇంట్లో గుద్దుకోవడం, చేతిలోవి జారవిడవడం మీరెవరూ గమనించలేదా?"

వరండాలోకి రాగానే మరదలు ఆగలేకపోయింది.

"ఊరందరికీ చూపునిచ్చే మనిషివి బావా! అక్క నీ ముందే గోడలు తడుముకుంటుంటే కనపళ్ళేదా? గాజు మీద నాచు కనిపించిందే, పక్కన మనిషి కనపళ్ళేదే! కళ్ళు నెత్తికెక్కితే ఇంతే."

ఆవిడ చెల్లెలి చేయి నొక్కింది. "ఊరుకోవే. నేనూ గట్టిగా చెప్పలేదు."

ఆ మాట మాస్టారికి మరదలి తిట్టు కన్నా ఎక్కువ గుచ్చుకుంది. చెప్పింది కదా! ఆదివారం పొద్దున, పక్కన నిలబడి చెప్పింది. తను చొక్కా అంచుతో తుడిచాడు.

మర్నాడు ఆయన షాపుకు వెళ్ళలేదు. టేపులు పీకి గుడ్డ లాగేశాడు. నాచు చచ్చి, తెల్లబడి, అడుగున పడి ఉంది. దాన్ని పైపుతో లాగేసి, కొత్త నీళ్ళు నింపితే తొట్టి అసలు గాజే లేనట్టుంది. ఇన్నాళ్ళూ ఆయన కోరుకున్నది అదే. నల్లగుడ్డ ముందు అక్క ఎలా కూర్చుందో మరదలు చెప్పింది కదా, లైటు వైరు గుచ్చి, పొద్దున్నే లైటు వేసి, ఆ ముక్కాలిపీట తెచ్చి వేశాడు. ఆవిణ్ణి చేయి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టి, తను పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

కాసేపటికి, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇదుగో, ఎర్రకాడల వెనక నుంచి ఒక చేప వస్తోంది. దాని తోక..."

"చిరిగి ఉంటుంది," అంది ఆవిడ. "అది ఎప్పుడూ ఒంటరిగానే తిరుగుతుంది. ఇంకోటి ఫిల్టరు కింద దాక్కుంటుంది, మేత వేస్తే ఆఖర్న వస్తుంది. నాకు తెలుసులెండి. మీరు గాజు చూసినన్నాళ్ళూ నేను చేపల్నే చూశాను."

ఆవిడ గాజు వైపు ఇంకాస్త వంగి, చేత్తో దాన్ని తడిమి చూసింది. వేలిముద్రలు పడ్డాయి.

"లైటు తీసేయండి మరి," అంది. "మళ్ళీ నాచు పడుతుంది."