సిరిసిల్ల తాత జీపు

నా చిన్నప్పుడు మా ఊరు మొత్తానికీ ఒకటే మోటారు బండి ఉండేది. అదీ ఎక్కడికీ పోయేది కాదు. గొల్లపల్లి దగ్గర చిన్న పల్లె మాది. ఆ బండి ఒక పాత మిలటరీ జీపు, దాని యజమాని సిరిసిల్ల తాత. ఆయన మాకు చుట్టం కాదు. సిరిసిల్లలో నేతపని వాళ్లింట్లో పుట్టి, పడుచుతనంలో మిలటరీలో డ్రైవరుగా చేరి, పెద్ద యుద్ధంలో బర్మా దాకా పోయొచ్చాడు. వచ్చాక మా ఊరి పిల్లను పెళ్లాడి ఇక్కడే ఉండిపోయాడు. అందుకే ఊరందరికీ ఆయన సిరిసిల్ల తాత.

మిలటరీవాళ్లు వేలం వేసినప్పుడు కొనుక్కున్నాడట ఆ జీపును. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. పైనున్న గుడ్డ చిరిగిపోతే గోనెసంచులు కుట్టి కప్పాడు. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, ఒక్కో భాగాన్నీ తుడిచి, ఇంజను స్టార్ట్ చేసి, చెవి దగ్గరగా పెట్టి కాసేపు వినేవాడు. తర్వాత ఆపేసి, చేతులు కడుక్కుని అంబలి తాగేవాడు. ఏదైనా సామాను అరిగిపోతే సైకిలు మీద కోరుట్ల దాకా పోయి, అక్కడి మెకానిక్ దగ్గర కూర్చుని చేయించుకొచ్చేవాడు. "నా మొఖం దిక్కు గంతసేపు ఒక్కనాడన్న సూశిండా?" అని ఆయన భార్య ఊరందరి ముందూ అనేది. ఆయన నవ్వేసి బానెట్ తుడుచుకునేవాడు.

అందరికంటే ఎక్కువ వెక్కిరించింది మా అయ్యే. మా అయ్య తాటిచెట్లెక్కే మనిషి. కల్లు గీసి దిగివస్తూ ఆ వాకిట్లో ఆగి, "గీ దున్నపోతును అమ్మి రెండు ఎడ్లు కొనుక్కోరాదే, దున్నుకుంటందుకన్న పనికొస్తయి" అనేవాడు. నేనూ పక్కన నిలబడి కిలకిలా నవ్వేదాన్ని. అప్పుడు నాకు పదేళ్లు.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. తెలంగాణ కావాలని ఊళ్లన్నీ కదిలిన కాలం. బళ్లు మూతపడ్డాయి. కాలేజీ పిల్లలంతా రోడ్ల మీదే ఉన్నారు. జగిత్యాల నుంచి వచ్చే బస్సు ఒకరోజు వస్తే నాలుగురోజులు రాదు. బడి లేదన్న సంతోషమే తప్ప మాకు మరే చింతా లేదు. అలాంటి ఒక పొద్దున నేను మా అయ్యకు అంబలి తీసుకుని తాటివనానికి పోయాను. ఆయన చెట్టు మీద ఉన్నాడు. నన్ను చూసి పైనుంచే ఏదో అన్నాడు. మరుక్షణం కాలు జారింది. నా కళ్ల ముందే వచ్చి నేల మీద పడ్డాడు.

అరుపు వినిపించింది. అది నాదేనని చాలాసేపటికి గానీ తెలియలేదు. మా అయ్యకు స్పృహ ఉంది, కళ్లు తెరిచే ఉన్నాయి. "కాళ్లు తిమ్మిరెక్కినయి బిడ్డా, లేవస్తలేదు" అన్నాడు. చుట్టుపక్కల చేలల్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చారు. మా అమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది. నలుగురు కలిసి చేతులూ కాళ్లూ పట్టి ఎత్తి ఎడ్లబండిలో వేయబోతుంటే, వెనకనుంచి సిరిసిల్ల తాత గొంతు వినిపించింది. ఆయన గట్టిగా మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"ముట్టకున్రి! నడుము ఇరిగినోన్ని గట్ల లేపుతరా?"

అందరూ వెనక్కి జరిగారు. ఆయన ఇద్దరు మనుషుల్ని తీసుకుని ఇంటికి పోయి, తన ఇంటి తలుపు ఊడబీకించి జీపులో వేసుకొచ్చాడు. నిజంగా తలుపే, రాత్రిపూట గడియ పెట్టుకునే నిలువెత్తు తలుపు. మా అయ్యను కొంచెం కూడా వంగనీయకుండా ఆరుగురి చేత ఒక్కసారే ఎత్తించి దాని మీద పడుకోబెట్టాడు. మా అయ్య నడుముకు కట్టుకుని చెట్టెక్కే మోకుతోనే ఆయన్ని ఆ తలుపుకు కట్టాడు. జీపులో పక్క సీటు తీసేసి, ముందరి అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టి, తలుపును పొడవునా అమర్చాడు. వెనక మా అయ్య తల దగ్గర నేను, పక్కన తలుపును పట్టుకుని మా అమ్మ. పొద్దున్నే ఊరికే మోగి ఆగిపోయే ఆ ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది.

జగిత్యాల దవాఖాన మాకు పది మైళ్ల పైనే. ఊరు దాటాక నాకు అర్థమైంది, ఆయన బండిని నడిపించడం లేదు, పాకిస్తున్నాడు. ఒక సైకిలాయన మమ్మల్ని దాటుకుని ముందుకుపోయాడు. మా అయ్య పళ్లు బిగబట్టి మూలుగుతున్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "జల్ది పోనియ్యి తాతా! మా అయ్య సచ్చిపోతడు!" అని ఆయన వీపు మీద పిడికిళ్లతో కొట్టాను.

ఆయన బండి ఆపాడు. మా అమ్మ హడలిపోయింది. ఆయన తొందరేమీ లేకుండా దిగి, ఇంజనులో పోసేందుకు తెచ్చుకున్న నీళ్ల డబ్బాలోంచి ఒక ఇత్తడి చెంబు నిండా నీళ్లు పోసి, నా ఒళ్లో పెట్టాడు.

"బిడ్డా, గీ చెంబు మీ అయ్య నడుము అనుకో. ఒక్క సుక్క కింద పడొద్దు. తొణికేటట్టు కొడితే 'తాతా' అను, నేను ఆపుత. నేను ముంగటికి సూడాలె, ఎనుక నాకు కానరాదు. ఎనుక నా కండ్లు నువ్వే."

అంతే, మళ్లీ కూర్చుని కదిలించాడు. ఆ తర్వాత నేను ఏడవలేదు. ఏడవడానికి తీరిక లేదు. చెంబు అంచున నీళ్లు ఒక పక్కకు ఒరిగితే చాలు, "తాతా!" అనేదాన్ని. మాట పూర్తవకముందే బండి నెమ్మదించేది. గుంత వస్తే ఒక చక్రం దింపి, కాసేపాగి, రెండోది దింపేవాడు. మిలటరీ చూసిన అంత పెద్దమనిషి పదేళ్ల పిల్ల మాటకు అలా ఆగడం నాకు వింతగా ఉండేది. కాసేపటికి మా అయ్య మూలుగు కూడా కొంచెం తగ్గినట్టనిపించింది.

సగం దూరం పోయాక రోడ్డుకు అడ్డంగా రాళ్లు, వాటి వెనక పది పన్నెండు మంది పడుచువాళ్లు. ఒకతను ముందుకొచ్చి, "బంద్ అని ఎరుకలేదా? ఎటు పోతున్నవ్?" అని గట్టిగా అడిగాడు. తాత వేలితో వెనక్కి చూపించాడు. అతను తొంగి చూశాడు. తలుపు మీద మా అయ్యను, చెంబుతో నన్ను చూసి అతని ముఖం మారిపోయింది.

"రాళ్లంటే తీస్తం తాతా. ముంగట మూడు జాగలల్ల చెట్లు నరికి అడ్డమేసినం. గవి తీసేసరికి పొద్దుగూకుతది" అన్నాడు. అని తల దించుకున్నాడు.

తాత రోడ్డు పక్క వాగు వైపు చూశాడు, అది దాటితే జగిత్యాలకు పోయే బండ్లబాట ఉంది. "వాగు ఎట్లున్నది?"

"నీళ్లు లెవ్వు. గని ఇసుక మోకాల్లోతు. ఎడ్లబండ్లే దిగబడుతున్నయ్."

తాత దిగి నాలుగు టైర్ల లోంచీ సగం గాలి వదిలేశాడు. ఉన్న బండిని పాడుచేసుకుంటున్నాడేమోనని నేను భయపడ్డాను. మెత్తబడ్డ టైరు ఒంటె పాదంలా ఇసుక మీద పరుచుకుంటుందని తర్వాత తెలిసింది. నాలుగు చక్రాలూ లాగే గేరు వేసి వాగులోకి దింపాడు. ఆ పడుచువాళ్లు రెండు పక్కలా నడుస్తూ, తలుపు జారకుండా చేతులతో ఆనించి పట్టుకున్నారు. మొదట గట్టిగా మాట్లాడినతను తన తువ్వాలును మా అయ్య ముఖం మీద ఎండ పడకుండా దారంతా పట్టుకునే నడిచాడు. అవతలి ఒడ్డు ఎక్కేచోట జీపు ఒక్కసారి ఆగి, వణికి, మళ్లీ మెల్లగా పైకి పాకింది. నా చెంబులోంచి నాలుగు చుక్కలు నా గౌను మీద పడ్డాయి. నేను బెంబేలెత్తి "గౌను మీద పడ్డయి తాతా!" అని అరిస్తే తాత వెనక్కి చూడకుండానే, "నీ బట్టల మీదనే కదా పడ్డయి, ఏం గాదు" అన్నాడు.

ఒడ్డున చేతి పంపుతో టైర్లకు మళ్లీ గాలి కొట్టాలి. ఆ పడుచువాళ్లే వంతులేసుకుని చెమటలు కారుతూ కొట్టారు. మేం కదులుతుంటే, "పైలం తాతా!" అని ఒకరు జాగ్రత్త చెబితే, "జై తెలంగాణ!" అని అందరూ అన్నారు. ఏడుపు తప్ప మరేమీ ఎరగనట్టున్న మా అమ్మ కూడా చేయెత్తి ఆ మాటే అంది.

జగిత్యాల దవాఖానలో డాక్టరు మా అయ్యను తలుపుతో సహా బల్ల మీద పెట్టించి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి, ఎముక విరిగింది కానీ నరం తెగలేదన్నాడు. ఎడ్లబండిలో కుదుపుకుంటూ వచ్చి ఉంటే జన్మలో లేచి నిలబడేవాడు కాదన్నాడు. "ఎవరు తెచ్చిన్రు?" అని అడిగాడు. మా అమ్మ సిరిసిల్ల తాత కాళ్ల మీద పడబోయింది. ఆయన కంగారుగా వెనక్కి జరిగాడు.

సాయంత్రం దవాఖాన అరుగు మీద నేనూ ఆయనా కూర్చున్నాం. ఆయన జీపు చక్రాల్లో ఇరుక్కున్న ఇసుకను పుల్లతో గీకుతున్నాడు. ఊరందరూ నవ్వుతున్నా ఆ బండంటే ఎందుకంత ప్రాణమని అడిగాను. ఆయన పుల్ల పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు, బర్మా అడవిలో ఒక కొండ దారిన తన బండి లోయలో పడిందట. నడుమూ కాలూ విరిగాయట. పంజాబు వైపు డ్రైవరొకడు, పేరు కూడా సరిగా తెలియదు, ఇలాంటి జీపులోనే రెండు రోజులు కొండలు దిగుతూ ఆయన్ని దవాఖానకు చేర్చాడట. వాళ్లిద్దరికీ భాష కలవదు. నొప్పి ఎక్కువైతే చెప్పమని ఆయన చేతిలో ఒక గిన్నె పెట్టి, చెంచాతో కొట్టమన్నాడట.

"గా మనిషి మల్ల కానరాలే బిడ్డా. గా బండి మాత్రం వేలంల కనవడ్డది. అదే గాకపోవచ్చు, అసొంటిదే. ఇంటికి తెచ్చుకున్న. ఎన్నడు ఎవ్వలికి అక్కెర పడుతదో అని పొద్దుగాల పొద్దుగాల స్టార్ట్ జేసి సూస్కుంట. ఇన్నేండ్లకు ఇయ్యాల పడ్డది."

ఆయన ముఖంలో అలాంటి తృప్తి నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు.

మా అయ్య నాలుగు నెలల తర్వాత కర్ర పట్టుకుని నిలబడ్డాడు. మళ్లీ తాటిచెట్టు ఎక్కలేదు. మామిడితోటకు కావలి ఉన్నాడు. నడవగలిగిన మొదటిరోజు ఆయన పోయింది సిరిసిల్ల తాత వాకిటికే. ఆ రోజునుంచీ పొద్దున్నే ఇద్దరూ కలిసి జీపును తుడిచేవాళ్లు. తాత పోయాక ఆ బండిని ఆయన కొడుకు కోరుట్లలో ఎవరికో ఇచ్చేశాడు. మా అయ్య మూడురోజులు అన్నం సరిగా తినలేదు.

నేను పంతులమ్మనయ్యాను. ఉద్యోగం అయిపోయాక పిల్లలు కారు కొనిస్తామంటే వద్దని, ఒక పాత జీపు వెతికి తెచ్చుకున్నాను. అది పొగ వదులుతుంది, నడుము పట్టేస్తుంది, సామానూ దొరకదు. ఈ వయసులో దీంతో ఏం పనని అందరూ అడుగుతారు. కోరుట్ల మెకానిక్ షాపులో నాలాంటి పిచ్చివాళ్లు ఇంకో ముగ్గురు కనిపిస్తుంటారు. వాళ్లనెప్పుడూ నేను కారణం అడగలేదు. వాళ్ల వెనక కూడా ఏదో ఒక దారి, ఎవరో ఒక మనిషి ఉండే ఉంటారనుకుంటాను.

కానీ ఆ రోజు నుంచి నాకు మిగిలింది జీపు ఒక్కటే కాదు. బడిలో అక్షరం రాక భయంతో బిగుసుకుపోయిన పిల్లవాణ్ణి చూసినప్పుడూ, మా ఇంట్లో ఎవరైనా జబ్బున పడ్డప్పుడూ, నాలో పుట్టే తొందరను ముందు ఆపుకుంటాను. వాళ్లకు ఎంత వేగం తట్టుకోగలిగే శక్తి ఉందో చూసి, ఆ వేగంతోనే నడుస్తాను. భయపడ్డవాళ్ల చేతికి ఏదైనా చిన్న పని ఇస్తాను. చాలాసార్లు ఆలస్యమైంది. ఆ ఆలస్యం వల్ల ఎవరినీ కోల్పోలేదు.

మా అయ్య ఆ తర్వాత ముప్పై రెండేళ్లు తన కాళ్ల మీదే తిరిగాడు. నా పెళ్లిలో పందిరంతా తిరిగాడు, నా పిల్లల్ని చేయిపట్టి బడికి నడిపించాడు. ఆయన వాకిట్లోంచి మెల్లగా నడిచివస్తుంటే, ఆ ప్రతి అడుగుకూ నేను మనసులోనే సిరిసిల్ల తాతకు దండం పెట్టుకునేదాన్ని.