తొమ్మిదో వరసలో మిల్వాకీ

ఏప్రిల్‌లో బేస్‌బాల్ జట్లకు ర్యాంకులు కట్టడమంటే ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. అయినా మా మిల్వాకీ దక్షిణ పేటలో వాండా బారుకి వెళ్ళేవాళ్ళమంతా సీజన్ రెండో సోమవారం కోసం కాచుకుని ఉంటాం. ఆ సాయంత్రం కౌంటరు వెనక నల్లబోర్డు మీద సుద్దముక్కతో పది మేటి జట్ల పేర్లు పడతాయి. ఆ తర్వాత సీజన్ ముగిసే అక్టోబరు దాకా వాటిని చెరపకూడదు.

ఇన్నేళ్ళూ ఆ పేర్లు రాసింది వాండా మొగుడు స్టాన్. జట్టు ఎంత చచ్చుదైనా మొదటి స్థానం మా మిల్వాకీదే. మేం బల్లలు చరిచేవాళ్ళం, ఆయన గ్లాసులు నింపేవాడు. మొన్న చలికాలంలో స్టాన్ పోయాడు. ఈసారి సుద్దముక్క వాండా పట్టింది.

పైగా ఈ ఏడాది మావాళ్ళు మొదటి వారమంతా వరసగా గెలిచారు. ఇంకేం, రాయడమే తరువాయి అనుకున్నాం. వాండా లాస్ ఏంజెలెస్ అని రాసింది. దాని కింద న్యూయార్క్. అలా కిందకి పోతూనే ఉంది. తొమ్మిదో వరసలో మిల్వాకీ అని రాసి చేతులు దులుపుకుంది.

బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ముఠాకి పెద్ద, గస్ రాట్కే గ్లాసు ఠక్కున పెట్టాడు.

"ఏంటే వాండా ఇది? ఒక్క ఆటన్నా ఓడారా మనాళ్ళు?"

"ఎవరి మీద గెలిచారో అది కూడా చెప్పరా. అడుగున పడున్నోళ్ళ మీద! తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఐదోది దాటితే బంతేసే దిక్కు లేదు మనకి. ముందుంది మొసళ్ళ పండగ."

"స్టాన్ ఉంటే ఇలా రాసేవాడా?"

"స్టాన్ లేడు. నేనున్నా."

"శుక్రవారంలోగా మార్చు. లేదంటే మా ముఠా అంతా చేపలు తినడానికి ఎదురు బారుకి పోతాం."

"పోండి. తలుపు తీసే ఉంది."

శుక్రవారం చేపల వేపుడే ఆ బారుకి ప్రాణం. మిగతా రోజుల్లో నాలాంటి ముసలాళ్ళు ఒక్క బీరు పట్టుకుని గంటలు గంటలు కూర్చుంటే దుకాణం నిలబడుతుందా? రెండు పేర్లు అటూ ఇటూ చేస్తే పోయేదేముంది వాండా అన్నాను. "నువ్వూ పోతావా?" అంది. నా బీరు నా వైపు లాక్కున్నాను.

శుక్రవారం బల్లలన్నీ ఖాళీ. ఎదురు బారులో నవ్వులు ఇక్కడికి వినబడుతున్నాయి. వాండా మాత్రం ఎప్పటిలాగే చేపలు పిండిలో ముంచి నూనెలో వేస్తూనే ఉంది, బంగాళదుంప అట్లు పోస్తూనే ఉంది. ఆ మొండితనం చూస్తే నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పుడు గస్ తలుపు తోసుకుని వచ్చాడు.

"తినడానికి రాలేదు. మార్చావా లేదా చూద్దామని వచ్చా."

వాండా గరిటె చేత్తోనే వంటింట్లోంచి బయటికొచ్చింది.

"విను గస్. ఏటా మీ ముందు 'ఒకటి' అని రాసి, వంటింట్లోకొచ్చి నా చెవిలో అసలు మాట చెప్పేవాడు నీ స్టాన్. పోయినేడు పదకొండు అన్నాడు. బోర్డు మీదే ఉండకూడదన్నమాట. అదే రాయవయ్యా అంటే, రాస్తే రేపు బీరెవరు తాగుతారే అన్నాడు. మీకు భయపడి ఆ మనిషి తను నమ్మింది ఒక్కసారి కూడా రాయలేదు. రాయకుండానే పోయాడు. నేను భయపడను."

గస్ కౌంటరు దగ్గరికొచ్చాడు. మెల్లిగా అడిగాడు.

"మరి మనం మన డివిజన్‌ జట్లన్నిట్లో మొదటొచ్చినప్పుడు? అప్పుడేమన్నాడు?"

"ఎనిమిది."

"ఎనిమిదా!"

"ఎనిమిదే. తన లెక్క తప్పిందని ఆ సెప్టెంబరంతా వంటింట్లో గంతులేశాడు. ఏప్రిల్‌లోనే 'ఒకటి' రాయించుకునే మీకు ఆ సంతోషం ఎక్కడ దొరుకుతుందిరా?"

గస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. బోర్డు వంక చాలాసేపు చూశాడు.

"తొమ్మిది మరీ అన్యాయమే. పోనీ, ఆరు చెయ్యి."

"సుద్దముక్క ముట్టుకున్నావో, వేళ్ళు విరగ్గొడతా."

"సరే తల్లీ. చేప పట్రా."

"తెస్తా. ముందెళ్ళి ఆ ఎదురు బారులోవాళ్ళకి చెప్పు, బోర్డు మారలేదని. చేపలు చల్లారిపోతున్నాయని కూడా చెప్పు."