అందరి మైకులూ తెరిచిపెట్టిన మా వదిన

మా వదిన పోయిన ఉదయం నాకు వచ్చిన మొదటి ఫోను మా తెలుగు సంఘం అధ్యక్షుడిది. నేనింకా బీదర్ ఆస్పత్రి వరండాలోనే ఉన్నాను. ఆమె కూతురు లోపల కాగితాల మీద సంతకాలు పెడుతోంది. "తీరని లోటు" అన్నాడాయన. ఊపిరైనా తీసుకోకుండా, "శాఖల వీడియో ఖాతాల పాస్‌వర్డ్‌లు ఎవరి దగ్గరున్నాయి?" అన్నాడు.

నేను జవాబివ్వకుండా ఫోను పెట్టేశాను. జవాబు ఇప్పుడు రాస్తున్నాను. సంఘం సంచికకు ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని అడిగారు. మంచి మాటలన్నీ ఆమెకే. మిగిలినవి ఎవరివో వాళ్ళు తీసుకోవచ్చు.

ఆమెను ఎరగని పాఠకుల కోసం చెప్తాను. మా అన్న భార్య. అన్న పోయి చాలాకాలమైంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ వదిన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. బీదర్‌లో ఎవరు పొరుగూరి వాళ్ళతో మాట్లాడాలన్నా ఆమె చేతి మీదుగా పోవాల్సిన రోజులవి. రిటైరయ్యాక కూడా ఎవరేం చెప్పినా తల కొంచెం ఎడమకు వంచి వినేది, చెవికి ఇంకా ఎక్స్ఛేంజి హెడ్‌ఫోను తగిలించి ఉన్నట్టు. ఎదుటివాళ్ళు పెట్టేసేదాకా తను ఫోను పెట్టేది కాదు. "కలిపినోళ్ళు కోయొద్దయ్యా. వాళ్ళ మాట అయిందో లేదో మనకేం ఎరుక?" అనేది.

నన్ను "పండితుడా" అని పిలిచేది. అది పొగడ్త కాదు. "ఇన్ని సదివినవ్, ఒక్కరితోని గూడ పంచాయితీ లేకుంట ఉండుడు ఏ పుస్తకంల రాయలేదా?" అని అడిగేది. రాసే ఉంటారు వదినా. నేను వెతకలేదు.

మా సంఘానికి ఆమె కార్యదర్శి. బీదర్ జిల్లా పల్లెల్లో, దుబల్గుండి, హుల్సూర్, చిమ్కోడ్‌లలో శాఖలున్నాయి. సభ్యులు తరాలుగా ఆ ఊళ్ళలోనే ఉంటూ ఇంట్లో తెలుగు మాట్లాడే రైతులు, దర్జీలు, కిరాణా కొట్ల వాళ్ళు. పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో మాట ఇంట్లోనైనా మిగలాలని నెలకోసారి కూర్చునేవారు. కరోనా కాలంలో ఆ కూర్చోవడం ఫోన్లలోకి మారింది. ఖాతా ఒక్కటే, అది అధ్యక్షుడి చేతిలో. ఆయన నొక్కితే అందరి మైకులూ మూతపడతాయి.

మా ఊరి మీద శిక్షణ విమానాలు తిరుగుతుంటాయి. ఆ మోత వినగానే ఆయన "శబ్దకాలుష్యం" అంటూ అందరి మైకులూ మూసేవాడు. విమానం వెళ్ళిపోయేది, మైకులు మాత్రం తెరుచుకునేవి కావు. ఇక ఆయన ఉపన్యాసమే. వెనక అద్దాల బీరువా కనిపించేది. అందులో పై అరలో ఉన్నవి నా పుస్తకాలు. చదివి ఇస్తానని పట్టుకుపోయాడు. చదవనూ లేదు, ఇవ్వనూ లేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో చావు జరిగినవాళ్ళు ఆ తర్వాత మొదటిసారి నలుగురున్న చోటికి వస్తే, నిలబడి, చేతులు జోడించి, ఆ మాట తామే చెప్తారు. కూర్చున్నవాళ్ళలో ప్రతి ఒక్కరూ పలకాలి. "అయ్యో" అన్నా చాలు. అది విన్నాకే ఆ మనిషి కూర్చుంటాడు.

ఒక సమావేశంలో దుబల్గుండి శాఖ పెద్దమనిషి, కందులు పండించే రైతు, తన తెర మీద నిలబడి చేతులు జోడించాడు. పెదవులు కదులుతున్నాయి. మైకు మూసి ఉంది. తన ఉపన్యాసానికే ఆ నమస్కారం అనుకున్నాడు అధ్యక్షుడు. తనూ చేతులు జోడించి, ముఖమంతా నవ్వి, "శుభం, శుభం" అన్నాడు. ఆ మనిషి కూర్చోలేదు. మళ్ళీ చెప్పాడు. కొంతసేపు అలాగే నిలబడి, తెర మీంచి తప్పుకున్నాడు.

వదిన వెంటనే ఆ రైతుకు ఫోను చేసింది. భార్య పోయిన సంగతి చెప్పడానికి నిలబడ్డాడాయన. "అయ్యో తమ్ముడా" అన్నది వదిన. ఆయన ఏడ్చి ముగించేదాకా ఇంకో మాట అనలేదు, ఫోను దించలేదు. తర్వాత అధ్యక్షుడికి చేసింది. "సాంకేతిక లోపం" అన్నాడు. దుబల్గుండికి ఒక్క ఫోను చెయ్యమని ఆమె అడిగింది. చెయ్యలేదు. ఈ రోజు వరకూ చెయ్యలేదు.

"పండితుడా, చెప్పులేసుకో" అంది వదిన.

బస్సులు పట్టుకుని ఊరూరికీ వెళ్ళాం. ఒక్కో శాఖకు ఒక్కో ఖాతా, సమావేశం వంతులవారీగా ఒక్కో ఊరు నడపాలి, ఇదీ వదిన ఏర్పాటు. అధ్యక్షుడు మొదట కోప్పడ్డాడు, సభ్యులంతా ఆమె వైపున్నారని చూసి ఊరుకున్నాడు. చిమ్కోడ్‌లో కిరాణా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని, ఫోను అడుగుతున్న ప్రశ్నలను వదిన పైకి చదివింది.

"పుట్టిన తేది అడుగుతాంది."

"ఎవరిది అక్కా?" అన్నాడు కొట్టాయన.

"శాఖది."

"గది మంత్రసానిని అడగాలె."

"మంత్రసానిని నేనే. ఉగాది అని పెడ్తున్న. ఇగ ఇంటిపేరు గూడ అడుగుతాంది."

"బీదర్ అని పెట్టుండ్రి."

"ఎందుకు? మల్ల బీదరోళ్ళు మాదే అంటరు. చిమ్కోడ్ అనే రెండుసార్లు రాస్త."

ఆ ఖాతా పేరు ఇవాళ్టికీ చిమ్కోడ్ చిమ్కోడ్.

పాస్‌వర్డ్ పెట్టే సమయానికి మాత్రం ఆమె మొహం పక్కకు తిప్పుకునేది. "నాకు చూపొద్దు. మీ ఇంటి తాళం మీ దగ్గరనే ఉండాలె." ఆస్పత్రిలో ఉన్న నాకు అధ్యక్షుడు ఫోను చేసి అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. ఆమె దగ్గర ఏనాడూ లేవు.

దుబల్గుండిలో ఆ రైతు ఫోను చేతిలో పట్టుకుని మైకు బొమ్మ మీద వేలు పెట్టాడు.

"అక్కా, మా వంతు వచ్చిన దినం ఇది నొక్కితే సారు నోరు బందయితదా?"

"బరాబర్ అయితది."

"అయితే సారు పని చెప్త."

"వద్దు తమ్ముడా. ఎవ్వరిది కోయొద్దు. సారుది అసలే కోయొద్దు. నాకు మాటియ్యి."

ఆయన ఇష్టం లేకుండానే మాటిచ్చాడు. తిరుగు బస్సులో నేను వదినతో పోట్లాడాను. చేతికి చిక్కినవాణ్ణి వదిలేయడం ఏం న్యాయమని అడిగాను. ఆమె జొన్న చేల మీంచి వస్తున్న గాలికి కొంగు సర్దుకుంటూ నవ్వింది. "నువ్వియ్యలేదు గద మాట. నీకు రాసుడు వస్తది, నువ్వు కానియ్యి." ఆ అనుమతినే ఇప్పుడు వాడుకుంటున్నాను.

ఆమె సంతాపసభ నడిపే వంతు దుబల్గుండిదయింది. అధ్యక్షుడే ముందుగా అందుకున్నాడు. "కీర్తిశేషురాలు నా సూచన మేరకే ఈ ఖాతాలు తెరిచారు. ఇకపై వాటన్నింటినీ కేంద్రానికి అప్పగించాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. అభ్యంతరాలు లేవనే భావిస్తున్నాను." అది నెగ్గితే ఆ మూడు ఊళ్ళ నోళ్ళూ మళ్ళీ ఆయన వేలి కిందికి పోతాయి.

"నొక్కు, సారుది నొక్కు!" అని పైకే అరిచాను.

దుబల్గుండి రైతు కదల్లేదు. "అక్కకు మాటిచ్చిన అన్నా" అన్నాడు నెమ్మదిగా. "మీ ఇంట్ల చావైంది. మీరింక చెప్పనే లేదు. జర లేసి నిలబడుండ్రి."

నిలబడ్డాను. నా తల తెర దాటిపోయి, వాళ్ళకు చొక్కా గుండీలు, జోడించిన చేతులు మాత్రమే కనిపించి ఉంటాయి. "మా వదిన పోయింది" అన్నాను.

అన్ని మైకులూ తెరిచే ఉన్నాయి. "అయ్యో అన్నా", "ఎంత పనాయె", "మా అక్క గద", చిమ్కోడ్ కొట్టులోంచి, హుల్సూర్ దర్జీ మిషన్ల మధ్య నుంచి, ఎవరి ఇంట్లోనో గిన్నెల చప్పుడు వెనక నుంచి, అందరూ ఒక్కసారే. హుల్సూర్ ఆడవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. పైన విమానం పోయింది. ఎవరూ ఏదీ మూయలేదు.

అధ్యక్షుడి మైకును కూడా ఎవరూ ముట్టుకోలేదు. ఆయన తీర్మానం చదువుతూనే ఉన్నాడు. ఒక్క అక్షరం వినపడలేదు. వినపడని తీర్మానాన్ని మా సంఘం ఆమోదించదు. చివరికి కాగితం దించి, ఆగమని బతిమాలుతూ అందరికీ చేతులు జోడించాడు.

దుబల్గుండి రైతు అది చూశాడు. ఎంతో మర్యాదగా తనూ చేతులు జోడించి, ముఖమంతా నవ్వాడు. ఏమన్నాడో ఆ ఏడుపుల్లో నాకు వినపడలేదు. ఒకే చిన్న మాటను రెండుసార్లు అన్నట్టు మాత్రం పెదవులు కదిలాయి. తెర మీద పక్క గడిలో అధ్యక్షుడు చేతులు జోడించుకుని అలాగే ఉండిపోయాడు. ఆయన వెనక అద్దాల్లో నా పుస్తకాలు కొత్తవాటిలా మెరుస్తున్నాయి.