ఇంతకుముందు ఇక్కడ ఏముండేది?

మా మేనమామ ఏ నేల మీద కాలు పెట్టినా ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంతకుముందు ఇక్కడ ఏముండేది?" కుశలప్రశ్నలు ఆ తర్వాత. కాఫీ ఇంకా తర్వాత.

ఉద్యోగం అలాంటిది లెండి. మూతపడ్డ ఫ్యాక్టరీల స్థలాల్లో మట్టి తవ్వి, అందులో ఏ విషం ఎంతుందో తేల్చి, మళ్లీ మనుషులు ఉండొచ్చో లేదో చెప్పే ఆఫీసు. ఆయన అక్కడ పరీక్షకుడు, నేను టైపిస్టుని. గునపం వేసేముందు ఆ చోటు చరిత్ర చుట్టుపక్కల వాళ్లని అడిగి రాసుకోవాలన్నది మా పద్ధతి. మిగతావాళ్లు ఆ పద్ధతిని సాయంత్రం ఐదింటికి బల్ల మీద వదిలేసి ఇంటికెళ్లేవారు. మావయ్య వెంట తీసుకుపోయేవాడు.

ఒకసారి పన్ను పీకించడానికి తీసుకెళ్లాను. మత్తిచ్చి సగం మొహం మొద్దుబారాక, ముద్దముద్దగా డాక్టరుని అదే ప్రశ్న అడిగాడు. రంగుడబ్బాల గోడౌను ఉండేదట. అంతే, మెడలో తువ్వాలుతో సహా లేచి పెరట్లోకి నడిచాడు. పట్టకారుతో డాక్టరు ఆయన వెనకాల. బయట కూర్చున్నవాళ్లందరికీ క్షమాపణలు చెప్పుకుంటూ నేను డాక్టరు వెనకాల.

నేను చేసుకోబోయే అబ్బాయిని మొదటిసారి ఇంటికి తెచ్చిన రోజు అయితే చెప్పనే అక్కర్లేదు. అతని గుండె వైపు వేలు చూపించి, "ఇంతకుముందు ఇక్కడ ఎవరుండేవారు బాబూ?" అన్నాడు. ఆ అమాయకుడు నిజం చెప్పేశాడు. ఇద్దరట. పాతికేళ్లయింది, నా విచారణ ఇంకా నడుస్తూనే ఉంది.

అలాంటి మనిషికి పాత బ్యాటరీల ఫ్యాక్టరీ స్థలం అప్పగించారు. దాని గోడనానుకుని ఓ సందు, సందులో నలభై రేకుల ఇళ్లు. ఫ్యాక్టరీ బూడిద ఏళ్ల తరబడి అక్కడే పోశారు కాబట్టి సందులోనూ సీసమే. మట్టంతా తీసేసి, మంచి మట్టి పోసి, అపార్టుమెంట్లు కట్టాలి. ముందు సందు ఖాళీ చేయించాలి. ఆ సందు పట్టణ పటంలో లేదు. వాళ్ల దగ్గర ఒక్క కాగితమూ లేదు. లేస్తే ఎక్కడికి పోవాలో వాళ్లకే తెలియదు.

మావయ్య గడప గడపా తొక్కాడు. ఇస్త్రీ బండి పెద్దావిడని అడిగాడు, ఇంతకుముందు ఇక్కడ ఏముండేదని.

"ప్రశాంతత ఉండేది నాయనా. కోడలు వచ్చేదాకా."

"ఎన్నేళ్లయింది వచ్చి?"

"ఇరవై రెండు."

రాసుకున్నాడు. నేను టైపు చేశాను: 'ప్రశాంతత: ఇరవై రెండేళ్ల క్రితం వరకు.' ఎవరి మేక ఏ గుంజకి కట్టేవారు, ఎవరి కూతురు ఏ గోడ దూకి పెళ్లి చేసుకుంది, అన్నీ సంవత్సరాలతో సహా నూట ఎనభై పేజీలు. నా వేళ్లు వాచిపోయాయి.

మా పెద్దాఫీసరు బరువు చూసే గుడ్లు తేలేశాడు. మట్టి రిపోర్టు అడిగితే చేటభారతం తెచ్చారేమిటయ్యా, పది పేజీలకి కుదించండన్నాడు. మావయ్య బుద్ధిగా తలూపాడు. పది పేజీలు పైన పెట్టి, మిగతా నూట డెబ్భై అనుబంధంగా కుట్టించాడు. అనుబంధాలు చదివే ఆఫీసరు ఇంకా పుట్టలేదు కాబట్టి, ప్రతి పేజీ మీదా ఆఫీసు ముద్ర పడిపోయింది.

ఆర్నెల్లకి పైనుంచి ఉత్తర్వు వచ్చింది: పదిహేనేళ్లుగా అక్కడే ఉంటున్నట్టు ప్రభుత్వ రికార్డు చూపించినవాళ్లకే కొత్త ఇల్లు. సందు సందంతా మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. మావయ్య లోపలికెళ్లి ఆ కుట్టు పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

పెద్దాఫీసరు మొదటిసారి అనుబంధం చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వాపుకోలేక కళ్లద్దాలు తీసేశాడు. "ప్రశాంతత పోయి ఇరవై రెండేళ్లయిందంటే, ఈ కుటుంబం అంతకుముందు నుంచే ఉన్నట్టు. ముద్ర కూడా మనదే," అన్నాడు. మేకతో ఇంకో ఇల్లు తేలింది. గోడ దూకిన పిల్లతో పక్కిల్లు. సాయంత్రానికి నలభైకి నలభై.

ఇదంతా ముందే అనుకుని చేశావా అని మావయ్యని నిలదీశాను.

"మట్టికి నోరు లేదమ్మాయ్, పరీక్ష చేసి చెప్పించాలి. వీళ్లకి నోరుంది, రాసుకునేవాడే లేడు," అన్నాడు.

రెండేళ్లకి, సందు ఉన్నచోటే లేచిన అపార్టుమెంట్లలో తనకొచ్చిన కొత్త ఇంటికి ఇస్త్రీ బండి పెద్దావిడ పిలిచింది. మావయ్య గుమ్మం దాటాడో లేదో, తళతళలాడే నేల వైపు చూసి, నోరు తెరిచాడు. ప్రశ్న బయటికి రాకముందే లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది.

"మీరే ఉండేవారు బాబాయిగారూ. పుస్తకం పట్టుకుని, నా బట్టలు ఆరేసే తాడుకి అడ్డంగా."

మావయ్య జేబులోంచి పెన్ను తీశాడు.