వాకిట్లో అగ్గి

మా ఇంటి ఓనరు తెల్లారగానే గేటు పక్కన చెత్తకు నిప్పు పెట్టేవాడు. ఎండాకులు, పాల ప్యాకెట్లు, తెగిన చెప్పులు, ఏదైనా సరే. ఆ పొగంతా కింది వాటాలో ఉన్న మా కిటికీలోంచి దూరి మా నాన్న గొంతులో దిగేది. అడిగితే "క్లీనింగ్ కదప్పా" అని నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. అప్పుడు తొంభైల చివర. బెంగళూరులో అద్దెకు ఇల్లు దొరకడమే గగనమని నోరు మూసుకునేవాళ్ళం.

నాన్న రాయలసీమ నుంచి వచ్చి, హొసకోటె దగ్గర ఇటుకబట్టీలో పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషి. మంటలన్నిటినీ ఒకే పేరుతో పిలిస్తే ఆయనకు గిట్టేది కాదు. చేలోకి పందులు రాకుండా రాత్రంతా మండించేది నెగడు. పొద్దున్నే చుట్టూ చేరి చేతులు కాచుకునేది చలిమంట. కొండ మీద దానంతటదే అంటుకునేది కార్చిచ్చు. నేను చలిమంటను నెగడంటే, "నెగడు పక్కన అట్ల కూచుంటే నీకు మీసం మిగలదు" అని ఎగతాళి చేసేవాడు. ఓనరు మంటకు మాత్రం ఆయన ఏ పేరూ పెట్టలేదు. దాని వైపు చూసి ఉమ్మేవాడు.

ఒక మంటకు మావాళ్ళలోనూ పేరు లేదు. మనిషి పోగానే వాకిట్లో రెండు కట్టెలు, పిడకలు పెట్టి నిప్పు చేస్తారు. కొడుకు దాన్నే కుండలోకి ఎత్తి శ్మశానానికి మోసుకెళ్ళి చితి అంటించాలి. "వాళ్ళింటి ముందర అగ్గి పెట్టినారు" అంటే చాలు, ఇంకెవరూ ఏమీ అడగరు. ఇంటి అగ్గి లేకుండా పోయినవాణ్ణి దిక్కులేనివాడంటారు. పరాయి ఊళ్ళో, పరాయి ఇంట్లో పోతే తనకు ఆ అగ్గి పెడతారో లేదోనని నాన్నకు భయం. అమ్మను మాటిమాటికీ అదే అడిగేవాడు.

డిసెంబరు చలిలో ఒక తెల్లవారుజామున పోయాడు. నేను గేటు పక్కన పిడకలు పేరుస్తుంటే ఓనరు దిగి వచ్చాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. వీడు అంతకంటే ఘనుడు. మేడ మీద వాటా చూడటానికి ఆ పొద్దునే ఎవరో వస్తున్నారట, ఈ మంట చూస్తే అటునుంచటే పోతారట.

"బాడిగిల్లు అమ్మా ఇది. ఈడ అట్లాంటి అగ్గి పెట్టొద్దు. శ్మశానం కాడికే పోయి అంటించుకోండి" అన్నాడు అమ్మతో.

వాడూ తెలుగువాడే. ఆ అగ్గి ఏమిటో తెలిసే అన్నాడు. వాడి గొంతు పట్టుకోవాలనిపించింది. అమ్మ నన్ను వెనక్కి లాగింది.

"ఇది సెత్తమంటే అనుకో అప్పా. నువ్వు దినామూ పెట్టేదే అని చెప్పు వాళ్ళకి" అంది.

వాడు ఒప్పుకున్నాడు. వాళ్ళు చూసి పోయేదాకా తలుపు వేసుకోమన్నాడు, గట్టిగా ఏడవొద్దన్నాడు. అమ్మ అన్నిటికీ తలూపింది. నేను అగ్గి పెట్టాను.

పిడకలు కణకణలాడే వేళకు గేటు ముందు స్కూటరు ఆగింది. ఓనరు గబగబా పెరట్లోంచి చేటెడు ఆకులూ, ఒక ప్లాస్టిక్ కవరూ తెచ్చి మా నాన్న నిప్పులో పోశాడు. వచ్చిన మొగుడూపెళ్ళాలను నవ్వుతూ మేడ మీదికి తీసుకెళ్ళాడు.

అమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చింది. కరుగుతున్న కవరును చేత్తోనే తీసి అవతల పారేసింది. వేళ్ళకు అంటుకున్నదాన్ని కొంగుకు తుడుచుకుని, ఆకులు ఏరేసి, కుండ నా చేతికిచ్చింది.

"మంచి నిప్పులు చూసి ఎత్తుకో నాయనా" అంది.

చూసే ఎత్తాను. అయినా శ్మశానం దాకా నా చేతిలో కుండ ప్లాస్టిక్ కంపు కొడుతూనే ఉంది.