పసుపు బొట్టు పెట్టిన ఎర్ర పెట్టె

ఈ అరబ్బు దేశంలో, నజ్మా అనే పేటలో మేముండేది పాత ఇల్లు. ఒక్కో గదిని చెక్కలతో మూడుగా చీల్చి, ఒక్కో ముక్కలో ఒక్కో కుటుంబాన్ని కుక్కారు. మాది మేడ మీద, వెనక చివర. ఆ ఏడు మా ఆయన సైటులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పిండికట్టుతో మంచం మీదే ఉండేవాడు. నేను బ్యాచిలర్లకు వంట చేసి డబ్బాలు మోసేదాన్ని. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం దాటేది. అంతసేపూ నా భయం ఒక్కటే. కింద ఎవరి స్టవ్వన్నా అంటుకుంటే ఈయనకు ఎవరు చెబుతారు, ఎట్లా దిగుతాడు?

అందుకే మెట్ల పక్కన ఎర్ర పెట్టె బిగించిన రోజు నాకు కడుపు నిండింది. దానికి వైరు లేదు, రెండు స్క్రూలే. బిగించినతను మా జిల్లా మనిషే.

"గాలిలనే కబురు పోతదక్కా. గీ పిడి కిందికి గుంజితే ఇల్లంత సైరన్ మోగుతది."

మర్నాడు సర్కారు తనిఖీ వాళ్ళు వచ్చి పిడి లాగారు. ఇల్లు అదిరింది. మా ఆయన మంచం మీది నుంచే అరిచాడు, "ఇగ సచ్చినోడు సుత లేస్తడే!"

దసరా నాడు స్టవ్వుకూ కత్తిపీటకూ బొట్లు పెట్టి, ఆ పెట్టెకూ పెట్టాను. ఎరుపు మీద కుంకుమ కనబడదని పసుపు చిక్కగా కలిపి బొటనవేలితో అద్దాను.

నాలుగు రోజులకు గోడకు రెండు బొక్కలే మిగిలాయి. ఇళ్ళు చూసే మేనేజరు మన తెలుగాయనే, కోస్తా మనిషి. అడిగితే "సర్వీసుకి పంపించామమ్మా, వచ్చేస్తుంది" అన్నాడు. నమ్మాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే మంట.

వారం తర్వాత ఫరీజ్ అబ్దుల్ అజీజ్ పేటలో ఒక ఇంటికి డబ్బా ఇవ్వడానికి పోయాను. అదీ ఆ మేనేజరు చూసే ఇల్లే. మెట్ల పక్కన ఎర్ర పెట్టె, దాని మీద నా బొటనవేలు! పసుపు ఎండి ఒక పక్క పెచ్చు లేచింది కూడా అట్లాగే ఉంది. అక్కడే నిలబడి మేనేజరుకు ఫోన్ చేశాను.

"సార్, సర్వీసు ఈ ఇంట్ల చేస్తున్నరా?"

గొంతు తగ్గించాడు. "రేపు అక్కడ తనిఖీ అమ్మా. అయిపోగానే మీకు తెచ్చేస్తాను. అయినా ఇన్నాళ్ళూ ఏమైనా తగలబడిందా?"

"తగలబడ్డంక అడగాల్నా సార్? మా ఆయన కాలు నీకిస్త. నువ్వు పండు ఆ మంచంల!"

సంచిలో కూరగాయల కత్తి ఉంది. దాని మొనతో స్క్రూ తిప్పాను. సగం బయటికి వచ్చింది. అంతలో పైనుంచి పసిపిల్ల ఏడుపు, తల్లి జోకొట్టే చప్పుడు. చెయ్యి ఆగిపోయింది. ఒక్క పెట్టె కోసం నన్నూ ఆ తల్లినీ కొట్టుకునేటట్టు చేశాడు కదా, పాపిష్టి మనిషి! స్క్రూ మళ్ళీ బిగించాను.

మర్నాడు తనిఖీ వాళ్ళకంటే ముందే పోయి ఆ మెట్ల మీద కూర్చున్నాను.

"నీకేం పనమ్మా ఇక్కడ?" మేనేజరు పళ్ళు కొరికాడు.

తనిఖీ వాళ్ళు రాగానే వాళ్ళ పెద్ద ఆఫీసరుకు పెట్టె మీది బొట్టు చూపించాను, ఫోన్‌లో మా గోడ బొక్కలు చూపించాను. ఈ పసుపు నాదని, మా ఇంట్లో పెట్టె లేదని, మా ఆయన కాలు బాగాలేదని నాకొచ్చిన భాషలన్నీ కలిపి చెప్పాను. "సాబ్, యే హల్దీ మేరా. మేరా ఘర్ మే బాక్స్ మాఫీ. మేరా ఆద్మీ పైర్ ఖరాబ్."

ఆయన బొట్టును గోటితో గీకి వాసన చూశాడు. మేనేజరును కిందినుంచి పైదాకా చూశాడు. "యల్లా" అన్నాడు, మా ఇంటికి దారి చూపమని.

రెండు రోజుల్లో మా గోడకు కొత్త పెట్టె వచ్చింది. అక్కడిది అక్కడే ఉంది. మేనేజరు ఎదురైతే "ఎంత పని చేశావమ్మా" అంటాడు, ఆయన నోటి దగ్గర ముద్ద నేను లాక్కున్నట్టు. నేనూ ఊరుకోను, నాలుగు తిట్టే పోతాను.

మా ఆయన కాలు అతుక్కుంది. అయినా డబ్బాలు ఎత్తుకునే ముందు ఆ పెట్టెను పట్టుకుని కదిపి చూస్తాను.