పావురాలకు తెలిసిన ముఖం

మా ఇంట్లో ప్రార్థన కూడిక ఉన్న రోజు పొద్దున్నుంచే నాకు అన్నం సయించదు. మెట్టుగూడలో మాది మొదటి అంతస్తులో చిన్న వాటా. హాల్లో సోఫాలు గోడకు జరిపి, చాపలు పరిచి, చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే సంఘంలో సగం మంది పట్టేస్తారు. పాటలూ ప్రార్థనా అయ్యాక సాక్ష్యాలు. పాస్టరమ్మ తన కుడిచేతి వైపు నుంచి మొదలుపెడతారు. దేవుడు తమకు చేసిన మేలేదో ఒక్కొక్కరూ చెప్పాలి. ఏమీ లేకపోతే ఒక వాక్యమైనా చెప్పాలి. వంతు దగ్గరపడేకొద్దీ నా అరచేతులు చెమటపడతాయి. చిన్నప్పటి నుంచీ నేను చెప్పేది ఒకటే. బైబిల్ వాక్యాలన్నిటిలోకీ పొట్టిది, మూడే మాటలది: 'యేసు కన్నీళ్ళు విడిచెను.' సండేస్కూల్లో తప్పించుకోవాలనుకున్న పిల్లలందరూ చెప్పేదే. వాళ్ళంతా పెద్దవాళ్ళై మానేశారు, నేను మానలేదు.

"మళ్ళీ అదేనా తల్లీ?" అని పాస్టరమ్మ నవ్వుతారు. అందరూ నవ్వుతారు. వంతు పక్కవాళ్ళకు పోతుంది, నేను ఊపిరి పీల్చుకుంటాను.

నేను గొంతు విప్పి మాట్లాడేది నాయనమ్మతోనే. ఇద్దరిదీ ఒకే గది. డిగ్రీ అయ్యాక పోటీ పరీక్షలకు చదువుతున్నానని బయట చెబుతాం. నిజానికి ఆ పుస్తకాల మధ్యలో ఫోన్ పెట్టుకుని సైన్సు కబుర్లు చదువుతుంటాను. నాయనమ్మ గుంటూరు వైపు మనిషి. తాతయ్య రైల్వే ఉద్యోగం వల్ల పెళ్ళైన కొత్తలోనే సికింద్రాబాద్ వచ్చేసింది, ఇక్కడి యాస మాత్రం రానివ్వలేదు. మధ్యాహ్నం భోజనమయ్యాక మంచం మీద ఒత్తిగిల్లి, "ఏమే, ఇవాళేం చదివావు?" అనడిగేది.

నీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడేది చర్మం ఉబ్బి కాదని, లోపలి రక్తనాళాలు బిగుసుకోవడం వల్లనని, ఒక మనిషికి ఆ ముడతలు ఎప్పుడు నానినా ఇంచుమించు ఒకే తీరులో పడుతున్నాయని ఈమధ్యే గమనించారని ఒకరోజు చెప్పాను.

నాయనమ్మ తన చేతులు వెలుతురుకు పెట్టి చూసుకుంది. "నావి నానక్కర్లేదులే. ఇంకోటి చెప్పు."

మా గదికి ఒకటే కిటికీ. దాని అవతల సన్నటి సందు, ఆ తర్వాత పక్క బిల్డింగు గోడ. ఆ కాస్త వెలుతురు కోసం, గాలి కోసం కిటికీ ఎప్పుడూ తీసే ఉండేది. కిటికీ గట్టు మీద పావురాలు. నాయనమ్మ వాటికి జొన్నలు చల్లేది. కింది వాటా ఆంటీ వాళ్ళది తరాలుగా ఈ ఊరే. ఆమె ఒకసారి పైకొచ్చి గొడవపడింది.

"ఏంది పెద్దమ్మా, మీ పావురాలు నా బట్టలన్నీ ఖరాబు చేస్తున్నయ్. ఉతికిందే ఉతుక్కుంట పరేషాన్ అయితున్న. జెర ఆ గింజలు బంద్ పెట్టుండ్రి."

"బట్టలు మళ్ళీ ఉతుక్కోవచ్చమ్మా. ఆకలినేం ఉతుకుతాం?" అంది నాయనమ్మ.

ఆంటీ వెళ్ళాక నావైపు తిరిగి, "పరిశుద్ధాత్మ దిగొచ్చింది ఏ రూపంలోనే? పావురం రూపంలోనా, కాకి రూపంలోనా? నా కిటికీకి వచ్చినవాటిని నేను తరుముతానా?" అంది. ఆ మాటకు మా ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. నాన్న అసలే చెప్పడు.

నాయనమ్మ పావురాల పిచ్చిలో నా చెయ్యి కూడా ఉంది. పావురాల్లో తల్లీ తండ్రీ ఇద్దరికీ గొంతు సంచిలో పాలలాంటిది ఊరుతుందని, పిల్లలకు మొదట పెట్టేది అదేనని నేనే చెప్పాను. "మగది కూడానా?" అని నాయనమ్మ నోరు తెరిచింది. దారి ఎలా కనుక్కుంటాయన్నది ఇంకా పూర్తిగా తేలలేదనీ, చెవి లోపల ఏదో భూమి అయస్కాంతాన్ని పసిగడుతుందని ఇప్పుడు అంటున్నారనీ చెప్పాను. చివరికి, అవి మనుషుల ముఖాలు గుర్తుపడతాయని, బట్టలు మార్చుకుని వెళ్ళినా తమను తరిమిన మనిషెవరో, ఊరుకున్న మనిషెవరో పోల్చుకున్నాయని కూడా చెప్పాను.

మర్నాడు నాయనమ్మ నా చున్నీ తల మీంచి కప్పుకుని కిటికీ దగ్గర నిలబడింది. పావురాలు ఎప్పటిలాగే వచ్చి వాలాయి.

"చూశావటే! ముసుగేసినా పట్టేశాయి!"

అప్పటి నుంచి జొన్నలు రెండు పూటలయ్యాయి. కిటికీకి ఒక పక్క బిగించిన కూలర్ వెనక ఒక జంట గూడు పెట్టింది. ఎండలు ముదిరినా కూలర్ వెయ్యనివ్వలేదు. ఉక్కలో విసనకర్ర ఊపుకుంటూ పడుకున్నాం. నాయనమ్మ గుడ్లను చూసుకుంటూ మురిసిపోయేది. రోజూ పొద్దున పాఠాలు చెప్పడానికి బడికి వెళ్ళేముందు ఆ గట్టును, గదిని పొడి చీపురుతో ఊడ్చేది మాత్రం అమ్మ. తెల్లటి దుమ్ము, ఈకల నూగు కిటికీ వెలుతురులో లేచేవి. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఊడ్చేది. అత్తగారి పావురాల గురించి ఒక్క మాట అనేది కాదు.

అమ్మకు దగ్గు మొదలైంది. సిరప్‌లు, మిరియాల పాలు, ఆవిరి పట్టడం, అన్నీ అయ్యాయి. బడిలో పిల్లలకు రైమ్ పాడించలేకపోతున్నానంది. మా మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడిపోయేది. చర్చిలో పాట రెండో చరణానికి ఆమె పెదవులు కదిలేవి, గొంతు వచ్చేది కాదు. ప్రతి కూడికలోనూ ఆమె కోసం ప్రార్థన చేసేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం పావురాల గురించే ఇంకేదో వెతుకుతుంటే ఒక వ్యాసం కంటపడింది. పావురాల రెట్టలోని, ఈకల్లోని సన్నటి దుమ్ము రోజూ పీలిస్తే కొందరికి ఊపిరితిత్తులు వాస్తాయట. అందరికీ కాదు, కొందరికే. గుర్తించి దూరం జరిగితే తగ్గొచ్చు. ఆలస్యమైతే లోపల మచ్చలు కట్టి గట్టిపడిపోతాయి, మళ్ళీ మెత్తబడవు. అది చదువుతుంటే వంటింట్లోంచి అమ్మ దగ్గు వినబడుతోంది.

"ఏమే, ఇవాళేం చదివావు?" అంది నాయనమ్మ.

"ఏం లేదు" అన్నాను.

చెబితే, ఈ ఇంట్లో నా మాట వినే ఒకే ఒక్క మనిషి పోతుంది. చెప్పకపోతే అమ్మ. చీపురు నేను లాక్కుని తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టాను. "చదువుకో, నేను చేసుకుంటా" అని అమ్మ మళ్ళీ చీపురు తీసుకుంది. కిటికీ మూశాను. నాయనమ్మ తెరిచింది. నాన్నతో చెబుదామని వెళ్ళి, టీ కావాలా అని అడిగి వచ్చాను.

కూడికలో చెప్పేద్దామనుకున్నాను. అందరి ముందూ అంటే ఎవరూ కాదనలేరు. పొద్దున్నుంచీ స్నానాల గదిలో వాక్యాలు కూర్చుకున్నాను. నా వంతు వచ్చింది. ఎదురుగా నాయనమ్మ. అమ్మ నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని ఉంది. పాస్టరమ్మ నవ్వడానికి ముందే సిద్ధంగా ఉన్నారు.

ఆ పొట్టి వాక్యమే చెప్పాను.

చివరికి నాన్న అమ్మనూ నన్నూ రెజిమెంటల్ బజార్ దగ్గర ఒక ఛాతీ డాక్టరు క్లినిక్ ముందు దించి, బండి పెట్టడానికి జాగా వెతుక్కుంటూ పోయాడు. డాక్టరు స్టెతస్కోప్ వీపు మీద పెట్టి చాలాసేపు విన్నాడు.

"ఇంట్ల పావురాలు గిట్ల ఉన్నయా అమ్మా?"

"లేవు డాక్టర్ గారూ. కుక్క, పిల్లి కూడా లేవు" అంది అమ్మ.

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఇంట్లో ఉండడం అంటే ఆమెకు పెంచుకోవడం: పంజరం, పేరు, ముద్దు చెయ్యడం. ఆ పావురాలు వచ్చేవి, పోయేవి. అవి దేవుడివి, ఆపైన నాయనమ్మవి. మావి అని అమ్మ ఎన్నడూ అనుకోలేదు. డాక్టరు తలాడించి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోతున్నాడు.

"ఉన్నాయి" అన్నాను.

అమ్మ నావైపు తిరిగింది. "ఎక్కడ?" అన్నాడు డాక్టరు. కిటికీ, కూలర్, గూడు, జొన్నలు, పొడి చీపురు, అన్నీ చెప్పేశాను. డాక్టరు స్కాన్ రాశాడు. పావురాలున్న ఇంట్లో ఎన్ని మందులేసినా దండగేనన్నాడు. స్కాన్ కూడా ఆ దుమ్ము వల్ల వచ్చిన జబ్బేనని చెప్పింది. మచ్చలు ఇంకా కట్టలేదు, వాపు మాత్రం ఉంది.

తిరిగి వస్తుంటే అమ్మ మెల్లగా అంది. "మీ నాయనమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెబితే కోడలు మాటవుతుంది."

చెప్పాను. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"పాలిస్తాయని చెప్పింది నువ్వు. ముఖం గుర్తుపడతాయని చెప్పింది నువ్వు. మీ అమ్మని చంపుతాయని చెప్పేదీ నువ్వేనా?"

"అన్నీ నిజమే నాయనమ్మా."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

అమ్మను పెద్దమ్మ వాళ్ళింటికి పంపేశాం. గూట్లో పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమని నాయనమ్మ అడిగింది ఒక్కటే. ఆగాం. తర్వాత నాన్నా నేనూ మాస్కులు కట్టుకుని అంతా తడిపి కడిగాం. ఒకతను వచ్చి వల బిగించాడు. అద్దం తలుపు మూసేశాం. వల ఆ కాస్త వెలుతురునూ తగ్గించేసింది, ఇప్పుడు మా గదిలో పగలు కూడా ట్యూబులైటే. పావురాలు ఎదురు గోడ అంచు మీద బారుగా కూర్చుని మా కిటికీవైపే చూస్తుంటాయి. నాయనమ్మ అద్దం దగ్గరికి వెళితే రెక్కలు కొట్టుకుని వల దాకా వస్తాయి. నేను వెళితే కదలవు.

అమ్మ తిరిగి వచ్చింది. దగ్గు పూర్తిగా పోలేదు గానీ మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. నాయనమ్మ మధ్యాహ్నాలు నన్నేమీ అడగదు. చదివినవి నా డైరీలో రాసుకుంటున్నాను. అక్కడ "ఇంకోటి చెప్పు" అనేవాళ్ళు లేరు.

మొన్నటి కూడికలో అమ్మ లేచి, దేవుడు తనను ముట్టి బాగుచేశాడని సాక్ష్యం చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. తర్వాతి వంతు నాది. "ఇక చెప్పు తల్లీ, నీ వాక్యం" అన్నారు పాస్టరమ్మ, నవ్వులు మొదలయ్యాయి.

"నవ్వకండమ్మా" అంది నాయనమ్మ. "దీనికి మాటలు రావనుకుంటున్నారేమో. డాక్టరు దగ్గర ఒక్క మాటన్నది, నా కిటికీ మూయించింది. వాళ్ళమ్మ ఇప్పుడు మెట్లెక్కుతోంది. అదీ చెప్పమనండి."

అందరూ నావైపే చూస్తున్నారు. నాయనమ్మ కూడా, అన్ని రోజుల తర్వాత మొదటిసారి. నోరు తెరిచాను.

ఆ మూడు మాటలే వచ్చాయి.

అందరూ ఆమేన్ అన్నారు, నాయనమ్మ తప్ప.